మోగని కాలింగ్ బెల్

శుక్రవారం పొద్దున్న ఆరున్నరకే కల్నల్ ఎస్కిల్ బ్రూన్‌గోర్ స్క్రూడ్రైవర్ పట్టుకుని సొంతింటి గుమ్మం ముందు నిలబడ్డాడు. కింద యూనిఫాం ప్యాంటు, పైన బనియను, ముక్కు చివర కళ్ళద్దాలు. ఒక్క మాటతో వందలమందిని కదిలించగల మనిషి, ఈ కాలింగ్ బెల్ విషయంలో మాత్రం పద్నాలుగేళ్ళుగా ఓడిపోతూనే ఉన్నాడు.

"విబెకె! రేపు వీధి వీధంతా మనింటికొస్తుంది. ఇవాళైనా దీన్ని బాగుచేయనీ," అని లోపలికి కేకేశాడు.

"ముట్టుకోకు," అంది భార్య వంటింట్లోంచి.

"రెండు మరలు విప్పితే సరి. ఐదు నిమిషాల పని."

"తలుపు కొడతారులే. అందరికీ చేతులున్నాయి. కాఫీ చల్లారిపోతోంది, రా."

ఎప్పుడూ ఇదే వరస. అఫ్గానిస్తాన్‌లో హెల్మాండ్ నుంచి ఎస్కిల్ తిరిగొచ్చిన రోజుకే ఆ బెల్ మోగడం మానేసింది. బాగుచేస్తానని అతను అన్నప్పుడల్లా ఆమె ఏదో ఒక వంక చెప్పేది. ఆడవాళ్ళ మంకుపట్టు ఎవరికి అర్థమవుతుందిలే అని అతను వదిలేసేవాడు. సరిహద్దుకి అవతల ఏ కొండ వెనక ఎవరున్నారో పసిగట్టడంలో దిట్ట అని అతనికి పేరు. సొంతింటి గోడలో ఏముందో మాత్రం పసిగట్టలేదు.

బల్ల మీద నల్ల రొట్టె, చీజ్, ఉడికించిన గుడ్లు ఉన్నాయి. వెన్న గిన్నె పక్కనే విబెకె ఫోను, తెర పైకి పెట్టి ఉంది. నిమిషానికోసారి ఆమె చూపు అటే పోతోంది.

"సిగ్నె నుంచి ఏమీ రాలేదు," అంది.

"సైనిక విన్యాసాల్లో ఉంటుంది. అక్కడ ఫోన్లు తీసి పెట్టేస్తారు. తెలిసిందేగా."

"బుధవారం నుంచి రాలేదు."

"రెండు రోజులేగా విబెకె. రేపు పాట వేళకి ఫోన్ చేస్తుందిలే. అమ్మానాన్నల పాతికేళ్ళ వెండి పెళ్ళి మర్చిపోతుందా?"

సిగ్నె వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. ఇరవై మూడేళ్ళకే సార్జంటయి, మార్చి నుంచి లాత్వియాలో మా దేశపు పటాలంతో ఉంటోంది. యుద్ధం కాదు, సాధనే. కానీ విబెకెకి భయం పేలుళ్ళ గురించి కాదు, మౌనం గురించి. హెల్మాండ్ రోజుల్లో అక్కడ ఎవరైనా చనిపోతే ముందు ఫోన్లన్నీ ఆపేసేవారు. ఇంటివాళ్ళకి కబురు చేరేదాకా ఒక్క మాట బయటికి రానిచ్చేవారు కాదు. మా హోల్‌స్టెబ్రో ఊళ్ళో సైనికుల భార్యలకి అది బాగా తెలుసు. ఫోన్లు మూగపోయాయంటే ఎవరో ఒకరి గుమ్మానికి ఇద్దరు మనుషులు నడిచొస్తారన్నమాట. ఎవరి గుమ్మమన్నదే తెలియదు. రోడ్డు మీద తెలియని కారు కనిపిస్తే అందరూ కర్టెన్ల వెనక నిలబడి ఊపిరి బిగబట్టేవారు.

ఎస్కిల్ కాఫీ తాగి కోటు తొడుక్కున్నాడు. లోపలి జేబులో ఒక ఉత్తరం ఉంది. అది వచ్చి మూడు వారాలైంది. బ్రిగేడియర్ జనరల్ హోదా, లాత్వియాలోని ప్రధాన కార్యాలయంలో మూడేళ్ళు, సోమవారంలోగా జవాబు చెప్పాలి. అతనికిప్పుడు యాభై ఏడు. అరవై నిండగానే ఇంటికి పంపించేస్తారు కాబట్టి ఇదే ఆఖరి మెట్టు. బోస్నియాలో లెఫ్టినెంటుగా, ఇరాక్‌లో మేజరుగా, హెల్మాండ్‌లో పటాలం నాయకుడిగా తిన్న దుమ్మంతా ఈ మెట్టు కోసమేననిపించింది అతనికి. చిక్కల్లా ఒకటే. ఇకమీదట ఇల్లు వదిలి ఎక్కడికీ వెళ్ళనని హెల్మాండ్ నుంచి వచ్చాక ఇదే వంటింట్లో మాటిచ్చాడు. ముందు పండగ గడవనీ, ఆదివారం నెమ్మదిగా చెబుదామని వాయిదా వేసుకుంటూ వస్తున్నాడు.

"ఏదైనా చెప్పాలా నాకు?" అంది విబెకె ఉన్నట్టుండి.

"లేదే. ఏం?"

"ఏం లేదు. నోళ్ళు తెరిపించడం నా ఉద్యోగం. బయటివాళ్ళు కుర్చీలో కూర్చోగానే తెరుస్తారు. ఇంట్లో మనిషి చేత మాత్రం పాతికేళ్ళుగా తెరిపించలేకపోయాను."

ఆమె పంటి డాక్టరు దగ్గర సహాయకురాలు. ఆ మాట సరదాకే అన్నదనుకుని ఎస్కిల్ నవ్వి, ఆమె బుగ్గ మీద ముద్దుపెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం పక్కింటి అక్సెల్ నిచ్చెన భుజాన వేసుకుని, ఎడమ కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. వెనకాల మరో డజను మంది, ట్రాలీ నిండా ఫర్ చెట్టు కొమ్మలు, రెండు పెట్టెల బీరు. పెళ్ళయి పాతికేళ్ళయిన వాళ్ళ గుమ్మానికి ఇరుగుపొరుగు ముందురోజు పచ్చతోరణం కట్టాలి. మర్నాడు పొద్దున్న ఏడింటికి అందరూ బూర ఊదుకుంటూ వచ్చి, పాట పాడి, దంపతుల్ని నిద్ర లేపాలి. వాళ్ళేమో తోరణం సంగతే తెలియనట్టు దుప్పటి ముసుగేసి నటించాలి. మా వీధిలో ఈ నటనలో ఎవరూ తీసిపోరు.

అక్సెల్ నిచ్చెనెక్కి, గుమ్మం మీద వెండి కాగితంతో చేసిన ఇరవై ఐదు అంకెను తగిలిస్తూ వెనక్కి తిరిగాడు.

"ఏం కల్నల్! పాతికేళ్ళంటున్నావు గానీ, నువ్వు ఇంట్లో ఉన్నవి లెక్కేస్తే అందులో సగమే ఉంటాయి. వెండి అంకె దండగ. పన్నెండున్నరేళ్ళ రాగి పెళ్ళికి కట్టేది తేవాల్సింది!"

అందరూ పగలబడి నవ్వారు. ఎస్కిల్ కూడా నవ్వాడు. విబెకె నవ్వబోయి ఆగిపోయింది.

"గ్లాసులు కడుగుతాను," అని లోపలికి వెళ్ళింది.

వంటింట్లో రేడియో మోగుతోంది. ఆమె రెండో గ్లాసు తుడుస్తుండగా వార్తలొచ్చాయి. లాత్వియాలో, బాల్టిక్ తీరాన జరుగుతున్న విన్యాసాల్లో ఒక సాయుధ వాహనం చిత్తడి నేలలో బోల్తా పడింది. ఒకరు మరణించారు. మరణించినవారిది ఏ దేశమో కుటుంబానికి తెలియజేసేవరకు వెల్లడించరు. ఆ తర్వాత రేడియోలో వాతావరణం చెప్పారు. రేపు ఎండ కాస్తుందట.

విబెకె గ్లాసు బల్ల మీద పెట్టింది. బయట నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. చివరి మనిషి గేటు దాటేదాకా చిరునవ్వుతో నిలబడి, తర్వాత భర్త వైపు తిరిగింది.

"ఫోన్ చెయ్యి."

"ఎవరికి?"

"ఎవరికని నన్నడుగుతావా? అక్కడి కమాండర్ నీ చేతికింద పని నేర్చుకున్నవాడేగా. వాడి నెంబరు నీ ఫోన్లో ఉంది. వార్త నువ్వూ వినే ఉంటావు, ఎవడో ఒకడు నీ చెవిన వేసే ఉంటాడు."

ఎస్కిల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నిజమే. అరగంట కిందటే శిబిరం నుంచి కబురు వచ్చింది. వాళ్ళకీ అంతకంటే ఎక్కువ తెలియదు.

"చెయ్యలేను, విబెకె."

"చెయ్యలేవా, చెయ్యవా?"

"అక్కడ మనవాళ్ళు ఎనిమిది వందల మంది ఉన్నారు. అంతమంది ఇళ్ళలోనూ ఇదే వార్త విని ఇలాగే కూర్చుని ఉంటారు. ఆ నెంబరు వాళ్ళెవరి దగ్గరా లేదు. నా దగ్గరుంది కదా అని నేను చేస్తే ఎలా?"

"నేను ఎనిమిది వందల మందికి తల్లిని కాదు. ఒక్కదానికే తల్లిని."

"దానికేమీ అయ్యుండదు. అయితే నాకు..."

"నీకు ముందే చెబుతారా?"

అతను కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"చెప్పు. నువ్వు కల్నల్‌వి కదా, నీకు ముందు ఫోన్ చేస్తారా?"

"చెయ్యరు," అన్నాడు చివరికి. "అధికారి బిడ్డయినా సరే, ఫోన్‌లో చెప్పకూడదు. అందరికీ వెళ్ళినట్టే ఇద్దరు మనుషులు ఇంటికి వెళ్ళి చెప్పాలి. నియమం ఉంది."

"ఆ నియమం ఎవరు రాశారు?"

"నేనే."

హెల్మాండ్ తర్వాత రాశాడు. పెద్దా చిన్నా తేడా ఉండకూడదని పట్టుబట్టి చేర్పించాడు. అందరూ మెచ్చుకున్నారు కూడా. ఇన్నాళ్ళూ తన ఉద్యోగ జీవితంలో తను చేసిన మంచి పనుల్లో అదొకటనుకునేవాడు.

విబెకె తుడిచిన గ్లాసులు అలమరలో పెట్టేసింది. "మంచి నియమం," అని, దీపమార్పి పడగ్గదిలోకి వెళ్ళిపోయింది. ఒకే మంచం మీద ఇద్దరూ చెరో పక్కకి తిరిగి, నిద్రపోతున్నట్టు నటిస్తూ తెల్లవార్చారు. మర్నాటి కోసం చెయ్యాల్సిన నటన ఒక రాత్రి ముందే మొదలైంది.

శనివారం ఆరుకి ఇంకా ఐదు నిమిషాలుంది. వేసవి కావడంతో బయట ఎండ అప్పటికే బాగా ఎక్కింది. వాకిట్లో పరిచిన గులకరాళ్ళ మీద అడుగుల చప్పుడైంది.

విబెకె కళ్ళు తెరిచింది. రెండు జతల కాళ్ళు. గట్టి అడుగున్న బూట్లు. మెల్లగా, కలిసి పడుతున్న అడుగులు. పాట ఏడింటికి. పాటకొచ్చేవాళ్ళు నలభై మంది ఉంటారు, తోసుకుంటూ, ముసిముసి నవ్వులు నవ్వుకుంటూ వస్తారు. వీళ్ళిద్దరే. వీళ్ళు నవ్వడం లేదు.

ఆమె లేచి కర్టెన్ అంచు తొలగించింది. గేటు బయట కారు లేదు. లోపల దారి మీద యూనిఫాంలో ఇద్దరు మగవాళ్ళు నిలబడ్డారు. ఒకరు ఎస్కిల్ కింద పనిచేసే మేజర్ ట్రూల్స్. రెండోవాడి కాలరు మీద చిన్న శిలువ ఉంది. శిబిరం పాస్టరు మొగెన్స్. ఇద్దరూ ఒక్క క్షణం ఆగారు. ట్రూల్స్ కోటు కిందికి లాక్కుని సర్దుకున్నాడు. మొగెన్స్ అతని చెవిలో ఏదో చెప్పాడు. ట్రూల్స్ తలూపాడు.

"ఎస్కిల్," అంది విబెకె.

అతను వచ్చి ఆమె భుజం మీదుగా చూశాడు. చూడగానే చావు కబురు మోసుకెళ్ళే పద్ధతి గుర్తుపట్టాడు. కారు మలుపు దగ్గరే ఆపాలి, ఇంటివాళ్ళు కిటికీలోంచి చూసి ముందే గాభరా పడకుండా. ఎప్పుడూ ఇద్దరే వెళ్ళాలి. గుమ్మం చేరకముందే దుస్తులు సర్దుకోవాలి. పాస్టరు ఒక అడుగు వెనక ఉండాలి. ఇదంతా ట్రూల్స్‌కి దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది తనే.

అతను తేరుకునేలోపు విబెకె హాల్లోకి పరుగెత్తింది. తాళంచెవి రెండుసార్లు తిప్పింది. గొలుసు వేసింది. తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"తెరవను," అంది. "వాళ్ళు చెప్పందే ఏమీ జరగనట్టే. నేను తెరవను."

"విబెకె..."

"దగ్గరికి రాకు! నీ కోటు జేబులో ఉత్తరం ఉంది. నాకు తెలియదనుకున్నావా? ఉతకడానికి ఇచ్చేటప్పుడే చదివాను. మూడు వారాలుగా చూస్తున్నాను, ఇవాళ చెబుతావు, రేపు చెబుతావని. నిన్న పొద్దున్న నోరు తెరిచి అడిగాను కూడా. జనరల్ అవుతావు కదూ? అవ్వు! పిల్లని అక్కడ పోగొట్టుకుని, నువ్వు అక్కడికే వెళ్ళి పతకాలు పెట్టుకో!"

తలుపుకి అవతల ఏదో గరగరలాడింది. ఎవరో గుమ్మాన్ని తడుముతున్నట్టుంది. విబెకె రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"బెల్ ఎందుకు మోగదో తెలుసా నీకు? నేనే కోశాను. వంటింటి కత్తెరతో. నువ్వు హెల్మాండ్‌లో ఉన్నప్పుడు. అది మోగిన ప్రతిసారీ ఇక్కడే, ఈ చెప్పుల బల్ల దగ్గరే కుప్పకూలిపోయేదాన్ని. ఆడుకోవడానికి రమ్మని సిగ్నె స్నేహితురాళ్ళు మోగించినా అంతే. తొమ్మిదేళ్ళ పిల్ల నన్ను లేవదీసి, మంచినీళ్ళు తెచ్చిచ్చేది. 'నాన్న కబురు కాదమ్మా, కారెన్ వచ్చింది, అంతే' అనేది. అందుకే కోసేశాను. నువ్వేమో వచ్చిన దగ్గర్నుంచీ స్క్రూడ్రైవర్ పట్టుకుని తిరుగుతున్నావు."

ఎస్కిల్ అలాగే నిలబడిపోయాడు. చారల పైజమాలో, చెదిరిన జుట్టుతో, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక. ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. వచ్చిన మాట అతను అనుకున్నది కాదు.

"ఒకావిడ తెరవలేదు," అన్నాడు.

"ఏమిటి?"

"పదిహేడేళ్ళయింది. నేను హెల్మాండ్ వెళ్ళకముందు, ఇక్కడి నుంచి చావు కబుర్లు చేరవెయ్యడానికి వెళ్ళేవాణ్ణి కదా. ఆ ఏడాది ఆరు ఇళ్ళకి వెళ్ళాను. నాలుగో ఇంటావిడ తెరవలేదు. తలుపుకుండే ఉత్తరాల సందులోంచి, 'మీరు ఇల్లు తప్పొచ్చారు, వెళ్ళిపొండి' అంది. మళ్ళీ మళ్ళీ అదే మాట. నలభై నిమిషాలు మెట్ల మీద కూర్చున్నాను. నాకు చిరాకేసింది విబెకె. ఇంకో పని ఉంది నాకు. తిరిగొచ్చి నివేదికలో ఏం రాశానో తెలుసా? 'గ్రహీత సహకరించలేదు' అని."

అన్నేళ్ళ కాపురంలో అతను ఏడవడం విబెకె చూడలేదు. శవపేటికలు దిగిన రోజుల్లో కూడా కళ్ళు ఎర్రబడేవి తప్ప చుక్క రాలేది కాదు. ఇప్పుడు కన్నీళ్ళు చెంపల మీదుగా కారిపోతున్నా తుడుచుకోవాలన్న ధ్యాస లేదు.

"వెళ్ళనా నాన్నా అని సిగ్నె నన్నే అడిగింది. వెళ్ళు, మంచి అవకాశం అన్నాను. భోజనానికి పిలిచినంత తేలిగ్గా అన్నాను."

విబెకె ఎదురుచూసింది, ఇక తలుపు తియ్యమంటాడని. ఎంతైనా కల్నల్ కదా. బయటివాళ్ళని నిలబెట్టకూడదు, ధైర్యంగా ఉండాలి, నియమం ఉంది అంటాడని. అతను అనలేదు. వచ్చి ఆమె పక్కనే తలుపుకి వీపు ఆనించాడు. అలాగే జారి నేల మీద కూర్చున్నాడు.

"నేనూ తెరవను," అన్నాడు.

ఇద్దరూ చెప్పుల మధ్య, పక్కపక్కన కూర్చుని, ఒకరి చెయ్యి ఒకరు నొప్పెట్టేలా పట్టుకున్నారు. ఎంతసేపో వాళ్ళకి తెలియదు. గోడ గడియారం ప్రకారం నాలుగు నిమిషాలే.

అప్పుడు గులకరాళ్ళ మీద మూడో మనిషి నడిచాడు. ఒక అడుగు పడి, రెండోది ఈడ్చుకుంటూ వచ్చింది.

విబెకె తలెత్తింది. "అక్సెల్," అంది గుసగుసగా. "అది అక్సెల్ నడక. అక్సెల్ ఎందుకొచ్చాడు?"

"మేజరుగారూ, అలా కాదయ్యా," అని బయట అక్సెల్ గొంతు వినిపించింది, అతనికి తెలిసినంతలో గుసగుసే. "ఆ కత్తులు వంకరగా ఉన్నాయి. కిందికి దిగు, ఈ నిచ్చెన నాకొదిలెయ్. ఇలా కడితే పెళ్ళికూతురి నెత్తిన పడతాయి!"

ఎవరో కిసుక్కుమన్నారు. "మెల్లగా! లేచిపోతారు," అని మొగెన్స్ గొంతు కసిరింది.

లోపల ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చావు కబురు తెచ్చినవాళ్ళు నవ్వరు. ఎస్కిల్ మోకాళ్ళ మీద లేచి, తలుపుకున్న ఉత్తరాల సందు వేలితో ఎత్తాడు. మెరుగు పెట్టిన నల్ల బూటు, దాని పక్కన నేల మీద జారిపడిన వెండి రిబ్బను కనిపించాయి.

"మొగెన్స్," అన్నాడు సందులోంచి.

పాస్టరు వంగి చూశాడు. "అయ్యో, లేపేశామా! ఏమీ చూడలేదనుకో, మళ్ళీ పడుకో. తొమ్మిదింటికి మాకు కవాతు ఉంది, అందుకే ముందే వచ్చి అధికారుల తరఫున తోరణానికి వేడుక కత్తులు కట్టేసి..."

"సిగ్నె?"

"సిగ్నెకేమైంది?"

మొగెన్స్ ఆ సందులోంచి ఎస్కిల్ కళ్ళు చూశాడు. తర్వాత తన యూనిఫాం చూసుకున్నాడు. పక్కన నిలబడ్డ ట్రూల్స్‌ని చూశాడు. వెనక్కి తిరిగి, కారు కనిపించని రోడ్డు వైపు చూశాడు. అతని మొహం పాలిపోయింది.

"దేవుడా," అన్నాడు. "ఎస్కిల్, తలుపు తియ్యి. ఏమీ లేదు. ఒట్టు, ఏ కబురూ లేదు. తలుపు తియ్యి, నాయనా."

గొలుసు తియ్యడానికి విబెకెకి మూడుసార్లు పట్టింది. తలుపు తెరుచుకోగానే మొగెన్స్ ఆమెను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ట్రూల్స్ టోపీ తీశాడు. ముప్పై ఏళ్ళు దాటిన మనిషి, మెట్ల మీద చిన్నపిల్లాడిలా తల దించుకున్నాడు.

"మీకు తెలియకూడదని కారు మలుపు దగ్గర ఆపాం, కల్నల్," అన్నాడు. "నాకు తట్టనే లేదు."

"తట్టదు," అన్నాడు ఎస్కిల్. "నాకూ ఇన్నాళ్ళు తట్టలేదు."

అక్సెల్ మాత్రం నిచ్చెన మీద నుంచి దిగి, జేబులోంచి చేదు మూలికల సారా సీసా తీసి, ఎవరినీ అడగకుండా మూతలో పోసి అందరికీ తలా కాస్త తాగించాడు. "ఏడింటికి పాట ఉంది," అన్నాడు. "మొహాలు కడుక్కోండి."

ఏడింటికి బూర మోగింది. నలభై మంది తోరణం ముందు నిలబడి గొంతెత్తి పాడారు. రాత్రిబట్టల్లో గుమ్మంలోకి వచ్చిన ఇద్దరి కళ్ళూ ఉబ్బి ఉన్నాయి. సంతోషం పట్టలేక ఏడ్చారని అందరూ అనుకున్నారు. ఇన్నేళ్ళలో కల్నల్ పదిమంది ముందు భార్య చెయ్యి వదలకుండా నిలబడ్డది ఇదే మొదటిసారి అని ఒకావిడ అంది. అంత చెడ్డగా ఏమీ లేదు అని మరొకాయన అన్నాడు. మా జట్‌లాండ్ ప్రాంతంలో అంతకు మించి ఎవరూ ఎవర్నీ పొగడరు.

వేడి వేడి బన్నులు, వెన్న, కాఫీ నడుస్తుండగా వెన్న గిన్నె పక్కన ఫోను కదిలింది. విబెకె ఎదుటివాళ్ళ మాట మధ్యలోనే తుంచి ఫోను అందుకుంది.

"అమ్మా! పాట అయిపోయిందా? ఇప్పుడే ఫోన్లు తిరిగిచ్చారు. నాన్న నటన బాగా చేశాడా?"

విబెకె కూతురి ఊపిరి వింది. "బాగా చేశాడు," అంది. "వార్తల్లో విన్నాం. ఆ బండి..."

"మాది కాదమ్మా." సిగ్నె గొంతు తగ్గింది. "మా పక్క గుడారాల వాళ్ళది. వేరే దేశం. ఆ అబ్బాయి నాకు తెలుసు. మొన్న నా బూట్ల లేసు తెగితే తనది ఇచ్చాడు. ఇప్పుడూ నా బూటుకి అదే ఉంది."

విబెకె తమ బిడ్డ కాదని గుండె నిండా సంతోషించింది. మరెక్కడో, తెలియని ఊళ్ళో, ఎవరి గుమ్మం ముందో ఇద్దరు మనుషులు దుస్తులు సర్దుకుని ఉంటారు. అక్కడి తలుపు అవతల అక్సెల్ లేడు.

ఫోను ఎస్కిల్ చేతికొచ్చింది. "నాన్నా, నీకో మాట," అంది సిగ్నె. "ఇంకో ఆర్నెల్లు ఉండమంటున్నారు. ఉంటానన్నాను. నువ్వేమంటావు?"

ఇలాంటప్పుడు ఏమనాలో అతనికి బాగా తెలుసు. వందలమంది తల్లిదండ్రులతో అన్న మాటలే. మీ అమ్మాయి మంచి పని చేస్తోంది, గర్వపడండి. ఆ మాటలు ఇప్పుడు ఒక్కటీ నోటికి రాలేదు. విబెకె అతన్ని చూసి, ఫోను మెల్లగా లాక్కుంది.

"ఉండు తల్లీ," అంది. "దోమల మందు పంపిస్తాను. ఆదివారం ఆదివారం ఫోన్ చెయ్యి. మీ నాన్న కోసమైనా చెయ్యి."

అందరూ వెళ్ళాక ఎస్కిల్ కోటు జేబులోంచి ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాడు.

"సోమవారం వద్దని చెబుతాను."

"నా కోసం వదులుకోకు," అంది విబెకె. "రేపు మాటా మాటా వస్తే ఎత్తిపొడుస్తావు."

"నీ కోసం కాదు. ముప్పై ఏళ్ళు గుమ్మానికి అటువైపు నిలబడ్డాను, ఆ పని నాకు బాగా వచ్చనుకున్నాను. ఇటువైపు నాలుగు నిమిషాలు నిలబడలేకపోయాను. నువ్వు పాతికేళ్ళు నిలబడ్డావు." ఉత్తరం మడత మీద వేలు రాస్తూ ఉండిపోయాడు. "నివేదికలో రాశానే, ఆవిడ... బతికుంటే ఒకసారి వెళ్ళి రావాలి. తెరుస్తుందో లేదో."

"నేనూ వస్తాను," అంది విబెకె. "ముందు ఉత్తరం రాద్దాం. చెప్పకుండా వెళ్ళొద్దు."

మంగళవారానికి తోరణంలో కొమ్మలు వడలడం మొదలైంది. ఇద్దరూ వంటింట్లో కాఫీ తాగుతున్నారు. వాకిట్లో గులకరాళ్ళు చప్పుడయ్యాయి. ఎస్కిల్ చేతిలో కప్పు అలాగే పట్టుకుని చివాల్న లేచి నిలబడ్డాడు.

విబెకె పేపర్లోంచి తల ఎత్తలేదు. "అక్సెల్. ఎడమ కాలు ఈడుస్తున్నాడు. నిచ్చెన కోసం వచ్చుంటాడు. కూర్చో."

అతను కూర్చున్నాడు. కప్పు కింద పెట్టేటప్పుడు సాసరు టకటకలాడింది. అది ఆమె విన్నది. లేచి సొరుగు తెరిచి, స్క్రూడ్రైవర్ తీసి అతని ముందు పెట్టింది.

"ఇదిగో. ఇక బాగుచెయ్యి. నాకేం భయం లేదులే."

ఎస్కిల్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. హాల్లోకి, తలుపు వైపు, దాని పక్కన గోడ మీద ఉన్న చిన్న తెల్ల బెల్ పెట్టె వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత లేచి స్క్రూడ్రైవర్ని మళ్ళీ సొరుగులో పెట్టి, జాగ్రత్తగా మూశాడు.

"సిగ్నె వచ్చాక చూద్దాం," అన్నాడు.

విబెకె అతని కప్పు దగ్గరికి లాక్కుని కాఫీ పోసింది.